పురిటి టోపీలు

ఆ యేడు మార్చి ముగిసేనాటికి మా ఇంట్లో బట్టలు తొడుక్కోని వస్తువంటూ మిగల్లేదు. గ్యాస్ సిలిండరుకు ఎర్ర గౌను, మిక్సీకి పచ్చ టోపీ, టీవీ రిమోటుకు జేబు, మంచినీళ్ళ సీసాలకు తలా ఒక చొక్కా. చివరికి మా ఆయన సాయిప్రసాద్ బైకు సీటుకు కూడా ఊలు తొడుగు వచ్చింది. కర్నూలు ఎండలో దాని మీద ఒక్కరోజు కూర్చుని తిరిగొచ్చాక ఆయన మారుమాట లేకుండా దాన్ని తీసి బీరువా వెనక దాచాడు. ఇదంతా మా అత్త అంజనమ్మ చేతి పని.

అంతకుముందు ఆమె ఊలు ముట్టి ఎరగదు. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి చీరలు నేసిన మనిషి. మామ పోయాక మగ్గం అమ్మేసి డిసెంబరులో మా దగ్గరికి వచ్చింది. వచ్చిన వారానికే చేతులు ఖాళీగా ఉండలేక పక్కింటి ప్రేమజ్యోతక్క దగ్గర చేరింది. ప్రేమజ్యోతక్క రిటైరైన నర్సు. ఆమె ఇంట్లో రెండు పెట్టెల నిండా ఊలు ఉండలు, అల్లిక సూదులు ఉన్నాయి. చూపు మందగించి తను అల్లడం మానేసింది. రెండు రోజులు ఆమె అత్తకు చూపించింది. మూడో రోజు నుంచి అత్తే ఆమెకు చూపించసాగింది. మంచం అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి అల్లేది. అల్లుతున్నంతసేపూ మగ్గం తొక్కుతున్నట్టు కాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఆడుతూనే ఉండేవి.

నాకు సిగ్గుగా ఉండేది. ఇక్కడ చెప్పబోయేదంతా నా సిగ్గు గురించే కాబట్టి ఆ మొదటి సిగ్గు కూడా దాచను. మా నాన్న కడపలో గుమాస్తా. మగ్గమంటే ఏమిటో నేను పెళ్ళయ్యాకే చూశాను. అత్త నేసిన చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్ళి గొప్పలు చెప్పుకున్న దాన్నే, ఈ ఊలు చూస్తే మాత్రం ఒళ్ళు మండేది. ఒకసారి ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి, సిలిండరు గౌను చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. అత్త పక్క గదిలోనే ఉంది.

పంచిపెట్టడానికి ప్రయత్నించకపోలేదు. ఫోన్లు పెట్టుకునే సంచులు ఆఫీసులో అందరికీ ఇచ్చాను. అందరూ మెచ్చుకుని తీసుకున్నారు. మరుసటి వారం ఒకదానితో మా అటెండరు బల్లలు తుడుస్తున్నాడు. కింద బ్యాంకు వాచ్‌మన్‌కు మఫ్లరు ఇస్తే, ఆయన నా మొహం కాసేపు చూసి, "ఇంట్లో అందరూ బాగుండారా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. అది ఏప్రిల్ నెల.

ఒకరోజు సాయంత్రం అన్నం దగ్గర అత్త నాతో అంది.

"జ్యోతీ, పనైపోయిన సరుకు ఇంట్లో పెట్టుకోగూడదమ్మా. మా ఇంట్లో చీర మగ్గం దిగిందంటే మర్నాటికి నేతోళ్ళ సొసైటీకి పోవాల్సిందే. ఈడ మూట గట్టి మంచం కింద పెట్టుకుంటాండా. మనసు నిలవడంలే."

"ఈ ఎండల్లో ఊలు ఎవరు ఏసుకుంటారత్తా?"

"అదే నేనూ అనేది. ఎవురికీ పనికిరాని పని చేసుకుంటా, కూచ్చోని తినేది నాకు చేతగాదు. ఈ ఎండాకాలం చూస్తా. లేదంటే ఎమ్మిగనూరు పోతా. మా తమ్ముడు బసవన్న కండెలకు నూలు చుట్టేదానికి రమ్మంటాండాడు."

సాయిప్రసాద్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నేనుండంగ నువ్వు పోయి ఒకరింట్లో కండెలు చుడ్తావామ్మా?"

"పని ఏదైతే ఏమప్పా" అంది అత్త.

నేను గిన్నెలు కడుగుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చాడు. నాన్న పోయి ఆరు నెలలు కూడా కాలేదనీ, అమ్మ కూడా ఇల్లు వదిలి పోతే తట్టుకోలేననీ అన్నాడు. "ఆ మూటకు ఏదన్నా దోవ చూడు జ్యోతీ" అన్నాడు. ఆయన నన్నేదైనా బతిమాలడం అదే మొదటిసారి.

దోవ చూపింది ప్రేమజ్యోతక్క. "పెద్ద పెద్దవి ఏమిటికి అంజనమ్మా, పిడికిలంత టోపీలు అల్లు. పెద్దాసుపత్రిలో బరువు తక్కువ బిడ్డలు పుడ్తానే ఉంటారు. ఎండాకాలమైనా సరే వాళ్ళ తల కప్పాల. లేకుంటే ఒళ్ళు సల్లబడిపోతాది. పాపం, చీర పీలికలు చుట్టుకుంటా ఉంటారు తల్లులు" అంది.

ఇక ఇంట్లో టోపీలే టోపీలు. అత్త ప్రతి టోపీని తన పిడికిలికి తొడిగి కొలత చూసేది. అల్లడం అయ్యాక రెండుసార్లు నీళ్ళలో జాడించి ఆరేసేది. ఆరినవాటిని తీసుకుని కింది వాటాలో ఉండే సుజన దగ్గరికి దిగేది. సుజన కూతురు శివానికి ఐదు నెలలు. బొద్దుగా, తుమ్ము కూడా ఎరగని పిల్ల. ఆ పిల్ల తల మీద ఒక్కో టోపీ పెట్టి, కాసేపుంచి, తీసి, ఇంకోటి పెట్టేది అత్త. పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకునేది.

అది చూసి నేను ఒకరోజు మెట్ల మీదే నిలబడి అరిచినంత పని చేశాను. "నలభైమూడు డిగ్రీల ఎండ కాస్తాంటే ఆ పసిదానికి ఊలు టోపీ ఏంది అత్తా? ఏదన్నా అయితే సుజన మనల్నే గదా అనేది."

"ఒక్క గడియేలేమ్మా. పెట్టి తీస్తాండా" అంది అత్త. సుజన నవ్వి ఊరుకుంది.

ఎందుకని నేను అడగలేదు. ముసలివాళ్ళ చాదస్తమనుకుని పైకి వచ్చేశాను.

మూడు డజన్ల టోపీలు అయ్యాక, మే మొదటి గురువారం నేను పూట సెలవు పెట్టి సంచీ తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. కాన్పుల వార్డు బయట వరండాలో చాపలు పరుచుకుని అవ్వలు కూర్చున్నారు. పక్కన ఫ్లాస్కులు, క్యారియర్లు. నేను సంచీ విప్పి, పిల్లలకు టోపీలు తెచ్చానని చెప్పగానే నలువైపుల నుంచీ చేతులు చాచారు. ఒకామె టోపీ తీసుకుని అప్పుడే వార్డులోకి వెళ్ళిపోయింది కూడా. నా మనసు ఉబ్బిపోయింది.

ఒక పెద్దావిడ పసుపు టోపీని వేళ్ళతో నలిపి చూసి, "మెత్తగుండాది. కొత్తదామ్మా?" అని అడిగింది.

"కొత్తదే అవ్వా. అన్నీ కొత్తవే. ఇంతవరకూ ఎవరూ పెట్టుకోలేదు" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తు.

ఆమె టోపీని మడిచి సంచీలో పెట్టేసింది. "బిడ్డకు పురుడు కాలేదమ్మా ఇంగా. కొత్తది తలకెట్ల పెడ్తాం?"

ఒకరి వెనక ఒకరు అందరూ తిరిగి ఇచ్చేశారు. వార్డులోకి వెళ్ళినామె కూడా పరుగున వచ్చి ఇచ్చి వెళ్ళింది. "సదువుకున్న దాని మాదిరుండావు. ఈ మాత్రం తెలీదామ్మా?" అని ఎవరో అన్నారు. నేల తుడుస్తున్న ఆయమ్మ నా కాళ్ళ దగ్గర గుడ్డ ఆపి, "పోనీలెండి మేడమ్, తప్పుకోండి కొంచెం" అంది.

తెలియక కాదు. మా వైపు పదకొండో రోజు పురుడు పోసేదాకా బిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలనివ్వరు. ఎవరైనా కట్టి విడిచిన పాత మెత్తటి గుడ్డే చుడతారు. నా కూతురు పవిత్ర పుట్టినప్పుడు మా అమ్మ తన పాత చీర చింపే చుట్టింది. పవిత్ర ఇప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్ళలో ఆ సంగతే నా బుర్రలోంచి పోయింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఒకే మాట నన్ను తొలిచింది, వాపసు. నేత ఇళ్ళల్లో అది చెడ్డ మాట. చీరలో తప్పుందని సొసైటీ వాళ్ళు తిప్పి పంపిస్తే వాపసు వచ్చిందంటారు. నలభై ఏళ్ళలో ఒక్క చీర అలా వచ్చిందనీ, ఆ పూట మామ అన్నం ముట్టలేదనీ అత్త చెప్పింది. ఇప్పుడు ఈ మూటంతా వాపసు వచ్చిందని ఆమెతో ఎలా అనడం అనుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం అదీ. అసలు కారణం అది కాదు. అంతమంది ముందు నేను తెలివితక్కువదాన్నయ్యాను, అది ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. అంతే.

మా వీధి మొదట్లో పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె గంప దించుకుని కూర్చుంది. నేను సంచీ ఆమె ముందు పెట్టాను.

"ఏంటివి ఇవి మేడమ్, పసిపిల్లల టోపీలా? నాకు చీరలు గావాల, ప్యాంట్లు గావాల. ఇవి నేనేం జేసుకునేది?"

ఊరికే ఇచ్చి వచ్చేసినా సరిపోయేది. కానీ నేను బేరమాడాను. మంచి ఊలనీ, చేతి అల్లికనీ, ఒక్కటి అల్లడానికి ఒక పూట పడుతుందనీ వాదించి ఒక చిన్న గిన్నె తీసుకున్నాను. అత్త పనితనాన్ని నేను నోరారా పొగిడింది ఆ వీధి మొదట్లోనే.

అత్త గడపలో నిలబడి ఉంది. "తీసుకున్నారామ్మా?"

"తీసుకున్నారత్తా. చాల్లేదు" అన్నాను. చాల్లేదని చెప్పమని నన్నెవరూ అడగలేదు.

ఆమె గడప మీదే కూర్చుండిపోయింది. "ఎవురెవురు పెట్టుకున్నారు? బిడ్డలను సూసినావా?"

చూశానన్నాను. ఆలూరు నుంచి వచ్చిన కవల పిల్లలు, పత్తికొండ పాప ఒకతె అన్నాను. నోటికి ఏ ఊరొస్తే ఆ ఊరు. కవలల్లో ఒకడికి టోపీ కళ్ళ మీదికి జారిందంటే అత్త నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వగా నేను చూడలేదు. ఆ నవ్వు చూశాక ఇక వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది. ఉందేమో, నేను వెతకలేదు.

అక్కడి నుంచి రోజూ కాఫీ దగ్గర ఆమె ఆ బిడ్డల సంగతి అడిగేది. ఆసుపత్రిలో తెలిసిన నర్సుకు ఫోన్ చేశానని చెప్పి నేను వాళ్ళ బరువు కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. బసవన్న ఫోన్ చేస్తే అత్త, "నేను రాను లేప్పా. నాకు ఈడ శానా పనుండాది" అని చెప్పింది. సాయిప్రసాద్ కొండారెడ్డి బురుజు దగ్గర అంగట్లో సంచీ నిండా ఊలు కొనుక్కొచ్చాడు. "అమ్మను నిలబెట్టినావు జ్యోతీ. మరిచిపోను" అన్నాడు నాతో. నేను తల వంచుకుని చపాతీ పిండి కలుపుతూ ఉన్నాను.

రెండో సంచీ నిండింది. ఈసారి తనూ వస్తానంది అత్త. ఎండలు ముదిరాయన్నాను. సెలవు దొరకడం లేదన్నాను. వార్డుకు సున్నం వేస్తున్నారన్నాను. మూడు వారాలు అలా నెట్టాను. జూన్ మొదట్లో ఒక రోజు నేను ఆఫీసుకు బయలుదేరేసరికి అత్త నేత చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"పోయే దోవలోనే గదా. దింపి పో. లోపలికి నేనే పోతా" అంది.

ఒంటరిగా పంపడం ఇంకా ప్రమాదం. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి, సంచీ నేనే లోపలికి తీసుకుపోయి వస్తే సరిపోతుందని లెక్క వేసుకుని, ఆఫీసుకు సెలవు చెప్పి వెంట వెళ్ళాను. ఆమె బల్ల మీద కూర్చుంటేగా. తిన్నగా పోయి అవ్వల మధ్య చాప మీద చతికిలబడింది. ఎవరిది ఏ ఊరో, ఎవరి కూతురికి ఎన్నో కాన్పో అడిగింది. తన మగ్గం సంగతి చెప్పింది. ఆ తర్వాతే సంచీ విప్పింది.

"కొత్తవామ్మా ఇవి?" అని ఒకామె అడిగింది. నేను స్తంభం చాటుకు జరిగాను.

"కొత్తవి యాడివి తల్లీ" అంది అత్త. "రెండు నీళ్ళు పోసినా. మా కిందింటి పాప తలకు పెట్టి తీసినా, ఒక్కటి గూడా ఇడ్సకుండా. ఆర్నెల్ల బిడ్డ, జలుబు గూడా ఎరగదు. ఆ బిడ్డ ఇడ్సిన పాతవే ఇవి. పురుట్లో పెట్టొచ్చు, దిగులు పడగాకండి."

చేతులు ముందుకొచ్చాయి. ఒకామె ఆ పాప పేరేమిటని అడిగి మరీ తీసుకుంది. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. ఆ రోజు నేను తెచ్చినవీ ఇలాంటివే. అన్నీ శివాని తల మీద పెట్టి తీసినవే. వాటిని కొత్తవని చెప్పింది నేను ఒక్కదాన్నే.

అప్పుడు ఆ ఆయమ్మ బకెట్టు పట్టుకుని వచ్చింది. నన్ను గుర్తుపట్టి మంచిగా నవ్వింది. "మళ్ళా వచ్చినారా మేడమ్? ఆ పొద్దు పాపం ఒక్కటి గూడా ఎవురూ తీసుకోకుంటిరి. అంత సంచీ ఎత్తుకోని పోతాంటే నాకే బాధయింది. ఈసారి పెద్దామెను తోడుకోనొచ్చినారు, మంచిపని చేసినారు."

అత్త ఒక తెల్ల టోపీని పిడికిలికి తొడిగి ఎవరికో కొలత చూపిస్తోంది. తల ఎత్తలేదు. "ఇది శానా చిన్న బిడ్డకమ్మా. నీ మనవరాలికి సరిపోతాది, తీసుకో" అని ఆ టోపీ ఇచ్చి, సంచీలోంచి ఇంకోటి తీసింది. సంచీ ఖాళీ అయ్యేదాకా అక్కడి నుంచి లేవలేదు.

ఆటో రాజ్‌విహార్ సెంటరు దాటింది. అత్త బయటికి చూస్తూనే అడిగింది.

"అవి యాడ పెట్టినావు జ్యోతీ?"

"సామాన్లామెకు ఏసేసినానత్తా."

"ఊరికేనా?"

"గిన్నె తీసుకున్నా."

ఆమె తల ఊపింది. "ఆలూరు కవల పిల్లోళ్ళు?" అంది.

"నేనే కల్పించి చెప్పినా."

"వాళ్ళ పేరున శుక్రవారం శుక్రవారం దీపం పెడ్తాండా" అంది. అది నన్ను తిట్టడానికి అనలేదు. నిజంగా ఆ దీపం ఇప్పుడేం చేయాలా అని ఆలోచిస్తున్నట్టు అంది. తిట్టినా బాగుండేది. ఆటోవాడు విన్నా సరే, నలుగురూ చూసినా సరే, చెంప మీద కొట్టినా సరే అనిపించింది. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ ఆమె ముందు ఏడ్చే మొహం కూడా నాకు లేదు.

ఇల్లు దగ్గర పడుతుంటే మళ్ళీ ఒక్క మాట అంది. "ఏమిటికి పెట్టి తీస్తాండావత్తా అని ఆ పొద్దు ఒక్క మాట అడిగింటే చెప్తాంటి గదమ్మా."

సాయిప్రసాద్ ఆ రాత్రి అన్నానికి కూర్చుంటూనే, ముద్దైనా కలపకుండా, "ఎట్లయిందిమ్మా? ఆ కవల పిల్లోళ్ళు కనిపించినారా?" అని అడిగాడు. నేను అన్నం వడ్డిస్తున్నదాన్ని ఆగిపోయాను.

"ఇంటికి పోయినారంటప్పా" అంది అత్త, కంచంలోకి చూస్తూ. "బాగుండారంట ఇద్దరూ."

సొసైటీ నూలు నాలుగు పోగులు మిగిలినా మూట కట్టి తిరిగి ఇచ్చి వచ్చిన మనిషి ఆమె. అబద్ధం ఆమె నోట నేను అంతకుముందు వినలేదు. ఆ ఒక్కటీ నా కోసం ఆడింది. "కాదు, జరిగింది ఇదీ" అని అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవచ్చు. విప్పలేదు. ఆయనకు ఇంకో గరిటె పప్పు వేశాను.

అత్త ఎమ్మిగనూరు పోలేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. కాఫీ బాగుందంది, పవిత్రకు ఫోన్ కలపమంది, పూలు తెమ్మంది. అల్లుతూనే ఉంది, కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. బిడ్డల సంగతి మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు. నెలాఖరుకు మూడో సంచీ తయారైంది.

ఆ గురువారం నేను ముందే తల దువ్వుకుని, చీర కట్టుకుని సిద్ధమయ్యాను. అత్త సంచీ పట్టుకుని గదిలోంచి వస్తుంటే ఎదురు వెళ్ళి చెయ్యి చాచాను.

"ఇట్లియ్యి అత్తా, నేను తీసుకపోతా. ఎండ ఇంగా శానా ఉండాది."

ఆమె సంచీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"వద్దులేమ్మా. నీకు ఆఫీసుంటాది గదా" అంది నెమ్మదిగా. ప్రేమజ్యోతక్క చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి ఆటో ఎక్కింది.

ఆ రోజు నేను సెలవు పెట్టానని పొద్దున కాఫీ ఇస్తూనే ఆమెకు చెప్పాను.